ఫ్రెండ్ గురించి చెప్పమంటే నిమిషానికే మాటలు ఎందుకు అయిపోతాయి: ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్, గోదావరి పిల్లలు

క్లుప్తంగా: విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్, దాని స్పీకింగ్‌లో స్నేహం మీద ప్రశ్న అందరికీ ఈజీగానే కనిపిస్తుంది, తీరా చాలామంది అక్కడే అరిగిపోయిన నాలుగు మాటలు చెప్పేసి బ్యాండ్ (అక్కడిచ్చే స్కోరు) పోగొట్టుకుంటారు. స్నేహితుడు ఎంత గొప్పోడన్నది అక్కడ ఎవరూ కొలవరు, అతని గురించి ఎంతసేపు, ఎంత పొందికగా, ఎన్ని రకాల వాక్యాల్లో చెప్పారన్నదే చూస్తారు. గుణాలు వల్లిస్తే మాట తొందరగా ఆగిపోతుంది, జరిగిన సంగతి చెప్తే సాగుతుంది. గోదావరి డెల్టా పిల్లలు పల్లెటూరి విషయాలని దాచేసుకునే రేవు, పంటు (నది దాటించే బల్లపరుపు పడవ), చెరువుగట్టు కబుర్లే ఈ పరీక్షలో బాగా పనికొచ్చే సరుకు.

భీమవరం, కాకినాడ, రాజమండ్రి, అమలాపురం, తణుకు, ఎక్కడ చూసినా బస్టాండ్ చుట్టుపక్కల ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ బోర్డు ఒకటైనా కనిపిస్తుంది. బీటెక్ అయిపోయినవాళ్లు, నర్సింగ్ చేసినవాళ్లు, డిగ్రీ అయ్యి యూకేకో కెనడాకో ఆస్ట్రేలియాకో అప్లై చేద్దామనుకునేవాళ్లు అందరూ అక్కడికే చేరతారు. చాలా యూనివర్సిటీలు మొత్తం మీద 6.5 అడుగుతాయి, ఏ ఒక్క విభాగంలోనూ 6 కి తగ్గకూడదని షరతు కూడా పెడతాయి. రీడింగ్, లిజనింగ్‌లో 7 తెచ్చుకుని స్పీకింగ్‌లో 5.5 దగ్గర ఆగిపోయి మళ్లీ ఫీజు కట్టుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లని అడిగితే చాలాసార్లు వచ్చే మాట ఒకటే: "ప్రశ్న ఈజీయే అండి, బెస్ట్ ఫ్రెండ్ గురించి అడిగారు, అంతా చెప్పాను, మరి ఎందుకు తగ్గిందో తెలీలేదు."

ఈ "అంతా చెప్పాను" అన్న మాట దగ్గరే అసలు చిక్కు ఉంది.

లోపల ఏం జరుగుతుంది

స్పీకింగ్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు, ఎదురుగా ఒక ఎగ్జామినర్ ఉంటారు, కొన్ని చోట్ల వీడియో కాల్‌లో, మాట్లాడిందంతా రికార్డ్ అవుతుంది. మొదటి భాగం 4-5 నిమిషాలు, ఇల్లు, చదువు, ఫ్రెండ్స్ లాంటి మామూలు విషయాల మీద చిన్న ప్రశ్నలు. రెండో భాగంలో ఒక కార్డు ఇస్తారు, ఆలోచించుకోడానికి 1 నిమిషం, కాగితం, పెన్సిల్, తర్వాత 1 నుంచి 2 నిమిషాలు ఒక్కరే మాట్లాడాలి. మూడో భాగం మళ్లీ 4-5 నిమిషాలు, అదే టాపిక్‌ని పట్టుకుని సమాజం, మనుషులు, కాలం అంటూ కొంచెం లోతుగా వెళ్తుంది.

మార్కులు నాలుగు లెక్కల్లో పడతాయి, నాలుగూ సమానమే: మాట తడబడకుండా పొందికగా సాగడం, పదాల వాడకం, గ్రామర్‌లో వైవిధ్యం ప్లస్ తప్పుల్లేకపోవడం, ఉచ్చారణ. అభిప్రాయం కరెక్టా కాదా అన్నదానికి గానీ, చెప్పింది నిజమా కల్పితమా అన్నదానికి గానీ వీటిలో ఎక్కడా చోటు లేదు. అందుకే "అబద్ధం చెప్పొచ్చా" అని తరచూ అడిగే ప్రశ్నకి సమాధానం చెప్పొచ్చనే, కానీ దానికి ఒక ఖర్చు ఉంటుంది, ఆ సంగతి కిందకి వెళ్లాక చూద్దాం.

స్నేహం టాపిక్ మాటిమాటికీ ఎందుకు వస్తుందంటే దానికి ఏ సబ్జెక్టు నాలెడ్జీ అక్కర్లేదు. కంప్యూటర్ల గురించో పర్యావరణం గురించో అడిగితే తెలిసినోడికి లాభం, తెలియనోడికి నష్టం. ఫ్రెండ్ అన్నవాడు మాత్రం అందరికీ ఉంటాడు కాబట్టి భాష ఒక్కటే బయటపడుతుంది. పైగా ఒక్క టాపిక్‌లోనే జరిగిపోయిన కాలం, ఇప్పటి అలవాట్లు, పోలిక, అభిప్రాయం అన్నీ లాగొచ్చు.

మంచోడు, నిజాయితీపరుడు, తర్వాత?

కార్డు మామూలుగా ఇలా ఉంటుంది: చాలాకాలంగా తెలిసిన ఒక స్నేహితుడి గురించి చెప్పండి, అతను ఎవరు, ఎలా కలిశారు, కలిసి ఏం చేస్తారు, ఆ స్నేహం మీకు ఎందుకు ముఖ్యం. దీనికి కోచింగ్ నోట్సుల్లో తిరిగే జవాబు దాదాపు అందరికీ నోటికొచ్చు. మై బెస్ట్ ఫ్రెండ్ ఈజ్ వెరీ కైండ్, హెల్ప్‌ఫుల్ అండ్ హానెస్ట్, హీ ఆల్వేస్ సపోర్ట్స్ మీ ఇన్ గుడ్ టైమ్స్ అండ్ బ్యాడ్ టైమ్స్, చివర్లో ఎ ఫ్రెండ్ ఇన్ నీడ్ ఈజ్ ఎ ఫ్రెండ్ ఇండీడ్. ఇందులో తప్పేం లేదు, గ్రామర్ కరెక్టే. కానీ అరనిమిషంలో అయిపోతుంది, ఆ తర్వాత మళ్లీ మొదటికొచ్చి హెల్ప్‌ఫుల్ అన్నదే ఇంకోలా చెప్తారు, అక్కడ పొందిక లెక్కలో దెబ్బ, అదే పదం తిప్పితిప్పి వాడటం వల్ల పదాల లెక్కలో దెబ్బ, అన్నీ "ఈజ్"తో నడిచే వాక్యాలే కాబట్టి గ్రామర్ వైవిధ్యంలో కూడా దెబ్బ, ఒక్క అలవాటుకి మూడు చోట్ల నష్టం.

గుణం చెప్పడానికి ఒక పదం చాలు, ఆ పదం అన్నాక ఇంకేం మిగలదు. జరిగిన సంగతికి మొదలు, మధ్య, చివర ఉంటాయి కాబట్టి ఒక వాక్యం ఇంకో వాక్యాన్ని లాక్కొస్తుంది. దీన్ని దగ్గర నుంచి చూడాలంటే సఖినేటిపల్లి కుర్రాడు ఒకడు నరసాపురంలో ఇంటర్ చదివాడనుకుందాం. రోజూ వశిష్ట గోదావరి మీద పంటు దాటి కాలేజీకి వెళ్లేవాడు. ఒక సాయంత్రం ట్యూషన్ లేటయ్యి ఆఖరి పంటు పోయింది. రేవులో నిలబడితే అవతలి ఒడ్డున లైట్లు కనిపిస్తూనే ఉన్నాయి, వెళ్లడానికి దారి మాత్రం పాలకొల్లు వెళ్లి, చించినాడ వంతెన దాటి, దిండి, మలికిపురం మీదుగా చుట్టూ తిరిగి రావడమే. ఫ్రెండ్ వాళ్ల ఇల్లు నరసాపురంలోనే, అక్కడే పడుకోవచ్చు, కానీ వీడి అమ్మ కువైట్‌లో ఉంటుంది, ఇంట్లో నాయనమ్మ ఒక్కతే. ఆ ఫ్రెండ్ ఏం మాట్లాడకుండా వాళ్ల నాన్న బండి తీసుకొచ్చి, వీణ్ణి వెనకాల ఎక్కించుకుని, ఇంటి దగ్గర దింపి, నాయనమ్మ పెట్టిన మజ్జిగన్నం తిని, మళ్లీ అదే చీకట్లో వెనక్కి వెళ్లిపోయాడు.

ఈ సంగతి చెప్తే కైండ్ అన్న మాట వాడక్కర్లేదు, వినేవాళ్లకే అర్థమవుతుంది. గ్రామర్ సంగతి చూస్తే, రోజూ దాటేవాళ్లం అన్నచోట "యూజ్డ్ టు" వస్తుంది, పంటు అప్పటికే వెళ్లిపోయింది అన్నచోట "హ్యాడ్ ఆల్రెడీ లెఫ్ట్" వస్తుంది, అతను బండి తియ్యకపోయి ఉంటే నాయనమ్మ రాత్రంతా ఒక్కతే కూర్చునేది అన్నచోట "ఇఫ్ హీ హ్యాడ్‌న్ట్ టేకెన్ మీ హోమ్, మై గ్రాండ్‌మదర్ వుడ్ హ్యావ్ వెయిటెడ్ ఎలోన్ ఆల్ నైట్" అన్న వాక్యం దానంతటదే కావాల్సి వస్తుంది. కష్టమైన స్ట్రక్చర్లు వాడాలి వాడాలి అని కోచింగ్‌లో చెప్తారు కదా, వాటిని ఎక్కడో అతికించక్కర్లేదు, సంగతికే అవి అవసరం.

ఇక అబద్ధం ఖర్చు సంగతి. కల్పించిన ఫ్రెండ్ గురించి చెప్పేటప్పుడు బుర్ర రెండు పనులు చెయ్యాలి, కథ అల్లాలి, ఇంగ్లీషు అల్లాలి. నిజంగా జరిగింది చెప్పేటప్పుడు మొదటి పని ఫ్రీ. బ్యాండ్ 9 వివరణలో కూడా ఒక ముక్క ఉంది, తడుముకోవడం ఉన్నా అది విషయం గురించి ఆలోచించడానికే అయ్యుండాలి, పదం కోసమో గ్రామర్ కోసమో కాకూడదని. అంటే ఆగడం తప్పు కాదు, దేనికోసం ఆగారన్నది వినేవాళ్లకి తెలిసిపోతుంది.

ఊఁ కొట్టేవాళ్లు లేని చోట

ఇంగ్లీషు వచ్చినవాళ్లు కూడా రెండో భాగంలో మధ్యలో ఆగిపోవడానికి ఇంకో కారణం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మన దగ్గర కథ చెప్పేవాడికి ఊఁ కొట్టేవాడు కావాలి. అమ్మమ్మ కథ చెప్తూ మధ్యలో ఆగి "ఊఁ కొట్టవే" అని అడుగుతుంది, ఊఁ ఆగితే పిల్ల నిద్రపోయిందనుకుని కథ ఆపేస్తుంది. గోదావరి వైపు అయితే మరీను, ఎదుటివాళ్లు నాలుగు మాటలు చెప్పేలోపు రెండుసార్లు "ఆయ్" అనకపోతే వినట్లేదనుకుంటారు. ఇలా పెరిగిన మనిషి ముందు ఎగ్జామినర్ 2 నిమిషాలు ఏమీ అనకుండా కూర్చుంటే, ఆ మౌనం "ఇంక చాల్లే" అన్నట్టు వినిపిస్తుంది, వెంటనే "దట్స్ ఆల్ సర్" అని ఆపేస్తారు. నిజానికి ఆ టైములో కల్పించుకోకూడదన్నది అక్కడి పద్ధతి, అందులో మెచ్చుకోలూ లేదు కోపమూ లేదు. అలాగే 2 నిమిషాలు దాటాక ఎగ్జామినర్ మధ్యలో ఆపడం కూడా టైమ్ కోసమే, దానివల్ల మార్కులు పోవు, ఎంత మాత్రం కంగారు పడక్కర్లేదు.

మొదటి భాగంలో ఇదే విషయం ఇంకో రూపంలో వస్తుంది. పెద్దవాళ్లు అడిగితే అడిగినంతకే సమాధానం చెప్పడం మర్యాద అని ఇళ్లలో నేర్పుతారు, మేస్టారి ముందు ఎక్కువ మాట్లాడితే "వాగుడు" అంటారు. డూ యూ హ్యావ్ మెనీ ఫ్రెండ్స్ అనగానే "ఎస్, ఐ హ్యావ్" అని చేతులు కట్టుకుని కూర్చునే పిల్లలు బిడియస్తులనీ ఇంగ్లీషు రానివాళ్లనీ అనుకోకూడదు, వాళ్లు మర్యాద పాటిస్తున్నారు. ఈ గదిలో మాత్రం మర్యాద లెక్క వేరు, అడిగినదానికి ఇంకో రెండు వాక్యాలు కలపడమే మర్యాద: ఉన్నారు, కానీ దగ్గరవాళ్లు ఇద్దరే, మిగతావాళ్లతో పండగలకి కలవడమే.

దీనికి ప్రాక్టీస్ కూడా దానికి తగ్గట్టే ఉండాలి. ఫోన్లో 2 నిమిషాల టైమర్ పెట్టి, ఎదురుగా ఒకళ్లని కూర్చోబెట్టి, ఊఁ అనొద్దు, తలూపొద్దు అని ముందే చెప్పి మాట్లాడి చూస్తే మొదటి రెండు మూడుసార్లు చాలా ఇబ్బందిగా ఉంటుంది, వారం తిరిగేసరికి ఆ మౌనానికి అలవాటు పడతారు.

పంటుని ఇంగ్లీషులో ఏమంటారు

కోచింగ్‌కి వచ్చే పిల్లల్లో కనిపించే ఒక బాధాకరమైన అలవాటు, తమ ఊరి సంగతులు ఎగ్జామినర్‌కి అర్థం కావని తీసేసి, వాటి బదులు షాపింగ్ మాల్, కాఫీ షాప్, మూవీస్ అని పెట్టుకోవడం. చెరువుగట్టు మీద రాత్రి కాపలాకి ఫ్రెండ్‌తో కలిసి కూర్చున్న కుర్రాడు, "వియ్ గో టు మాల్ ఎవ్రీ వీకెండ్" అని చెప్తాడు, వాళ్ల మండలంలో మాలే ఉండదు. మాల్ గురించి రెండో వాక్యం రాక అక్కడే ఆగిపోతాడు.

పదాల వాడకం లెక్కలో బ్యాండ్ 6 దగ్గరా, 7 దగ్గరా ఒక మాట ఉంటుంది, పదం తెలియనప్పుడు దాన్ని వేరే మాటల్లో విడమర్చి చెప్పగలగడం అని. ఇది అక్కడ మార్కులొచ్చే నైపుణ్యం. పంటు అంటే ఏంటో చెప్పాలంటే "ఎ ఫ్లాట్ బోట్ దట్ క్యారీస్ పీపుల్ అండ్ బైక్స్ అక్రాస్ ది రివర్" అనాలి, అనగానే ఆ నైపుణ్యం చూపించినట్టే. ప్రభల తీర్థం, లంక గ్రామం, కొబ్బరి దింపు, పూతరేకులు, వేటికీ ఇంగ్లీషులో రెడీమేడ్ పదం లేదు కాబట్టి అన్నీ ఇలాంటి అవకాశాలే. ఉదాహరణకి లంక అని ఊరుకోకుండా "ఎ విలేజ్ ఆన్ యాన్ ఐలాండ్ ఇన్ ది రివర్, సో వెన్ ది ఫ్లడ్స్ కమ్, వియ్ మూవ్ బై బోట్" అంటే ఎదుటివాళ్లకి బొమ్మ కడుతుంది. 2022 జులై వరదల్లో కోనసీమ లంకల్లో ఉన్న పిల్లలకి ఎవరు ఎవరికి సాయపడ్డారో చెప్పడానికి ఎన్ని సంగతులు ఉన్నాయో లెక్కలేదు, పరీక్షలో వాటిని మింగేసి "మై ఫ్రెండ్ ఈజ్ హెల్ప్‌ఫుల్" అనడం పెద్ద నష్టం.

బట్టీ పట్టడం మీద కూడా ఒక మాట. ఎగ్జామినర్లకి అది ఇట్టే తెలుస్తుంది, బట్టీ ముక్క రాగానే మాట స్పీడు పెరుగుతుంది, అది అయిపోగానే పడిపోతుంది. గ్రామర్ లెక్కలో బట్టీ వాక్యాల ప్రస్తావన బ్యాండ్ 3 వివరణలో కనిపిస్తుంది, అంటే దానికి ఎంత విలువ ఇస్తారో అర్థం చేసుకోవచ్చు. ఇడియమ్స్ వాడాలి అన్నదాన్ని చాలామంది సామెతలు వాడాలి అని అర్థం చేసుకున్నారు, అది కాదు. స్నేహం విషయంలో సహజంగా కలిసి వచ్చే మాటలు, వియ్ గెట్ ఆన్ వెల్, వియ్ లాస్ట్ టచ్, వియ్ డ్రిఫ్టెడ్ అపార్ట్, హీ స్టుడ్ బై మీ, ఇలాంటివి సందర్భానికి సరిపడా నాలుగు వస్తే చాలు.

తెలుగులోంచి జారే తప్పులు

కొన్ని తప్పులు స్నేహం టాపిక్‌లోనే ఎక్కువ వస్తాయి, వాటి మూలం తెలుగు వాక్యంలోనే ఉంది. అన్నిటికన్నా పెద్దది "ఐ నో హిమ్ సిన్స్ టెన్ ఇయర్స్". తెలుగులో "పదేళ్ల నుంచి తెలుసు" అంటాం, తెలుసు అన్న మాట కాలంతో మారదు, నుంచి అన్నది లెక్కకీ తేదీకీ రెండిటికీ సరిపోతుంది. ఇంగ్లీషులో మొదలైన టైమ్ చెప్తే సిన్స్, ఎంతకాలమో చెప్తే ఫర్, ముందు హ్యావ్ నోన్ రావాలి: ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్. ఫ్రెండ్ గురించి మాట్లాడేవాళ్లు మొదటి లేదా రెండో వాక్యంలోనే ఈ మాట అనాల్సి వస్తుంది కాబట్టి ఇది ఒక్కటి సరిచేసుకున్నా మొదలు బాగుంటుంది.

రెండోది హీ, షీ తారుమారు కావడం. ఫ్రెండ్ గురించి చెప్పేటప్పుడు మనం "తను" అంటాం, తను ఆడా మగా ఇద్దరికీ సరిపోతుంది, ఆ అలవాటులో ఇంగ్లీషులో అమ్మాయిని ఒకసారి షీ, ఇంకోసారి హీ అనేస్తారు. మూడోది "అక్కడే కలిశాం" అన్నదాన్ని "దేర్ ఓన్లీ వియ్ మెట్" అనడం, మన దీర్ఘం "ఏ" చేసే పనిని ఓన్లీ చెయ్యలేదు, "దట్స్ వేర్ వియ్ మెట్" అనాలి. ఇంకోటి చుట్టరికాలు. గోదావరి వైపు ఫ్రెండుని బావా అంటాం, మావా అంటాం, బాబాయ్ అని కూడా పిలుస్తాం, నిజంగా మేనమామ కొడుకే బెస్ట్ ఫ్రెండ్ అయ్యుండటం కూడా మామూలే. దాన్ని కజిన్ బ్రదర్ అంటే అక్కడి ఇంగ్లీషులో కుదరదు, కజిన్ అంటే చాలు. "వియ్ కాల్ ఈచ్ అదర్ బావా, ఎ వర్డ్ ఫర్ బ్రదర్-ఇన్-లా, దో వియ్ ఆర్ నాట్ రిలేటెడ్" అని విప్పి చెప్తే మాత్రం అది మంచి జవాబు.

ఉచ్చారణ గురించి భయం అక్కర్లేనంత ఎక్కువ ఉంది. తెలుగు యాస ఉంటే మార్కులు తియ్యరు, మాట అర్థం కావాలి, అంతే. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి ఫ్రెండు, హెల్పు, ట్రస్టు అని చివర ఉ చేరుతుంది, ఎ ముందు య దూరి ఎవ్రీ కాస్తా యెవ్రీ అవుతుంది, ఇవి రెండూ గమనించుకుంటే మంచిది. బ్రిటిష్ యాస తెచ్చిపెట్టుకోవడం వల్ల వచ్చేదేమీ లేదు.

పీటీఈ అనే ఇంకో ఇంగ్లీషు పరీక్షతో పోలిస్తే ఇదంతా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ఎదురుగా మనిషి ఉండరు, కంప్యూటర్ ముందు గట్టిగా చదవడం, విన్న వాక్యం తిరిగి చెప్పడం, బొమ్మని వర్ణించడం లాంటి పనులు ఉంటాయి, మొదట్లో తన గురించి చెప్పుకునే ముక్కకి మార్కులే లేవు. మనిషి ముందు బిగుసుకుపోయేవాళ్లకి అది తేలికనిపించొచ్చు, కబుర్లు చెప్పగలిగేవాళ్లకి ఐఈఎల్‌టీఎస్సే మేలు.

మూడో భాగంలో "మా ఫ్రెండ్" సరిపోదు

పెద్దయ్యాక కొత్త స్నేహాలు ఎందుకు తగ్గుతాయి, ఆన్‌లైన్ స్నేహం నిజమైన స్నేహమేనా, ఇంట్లోవాళ్లకీ ఫ్రెండ్స్‌కీ తేడా ఏంటి, ఇలాంటివి ఇక్కడ వస్తాయి. చాలామంది ఇక్కడ కూడా మళ్లీ తమ ఫ్రెండ్ దగ్గరికే వెళ్లిపోతారు. ఇక్కడ అడిగేది మనుషుల గురించి, కాబట్టి ముందు సాధారణంగా ఒక మాట చెప్పి, కారణం చెప్పి, అందరికీ ఒకేలా ఉండదని ఒక తేడా చూపించి, ఉదాహరణని చివర్లో పెట్టాలి.

దానికి కూడా డెల్టా దగ్గర కావాల్సినంత ఉంది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో మధ్యాహ్నం పని అయ్యాక ఆడవాళ్లు అరుగు మీద చేరి లేసు అల్లుతూ మాట్లాడుకుంటారు, ఆ స్నేహం పని చుట్టూ కట్టుకున్నది. ఒక అమ్మాయి పెళ్లయి వేరే ఊరు వెళ్తే అరుగు మీద చోటు మారుతుంది, స్నేహాలు మళ్లీ మొదటి నుంచి మొదలు. మగపిల్లలకి హైదరాబాద్ ఉద్యోగం వల్ల అదే జరుగుతుంది, సంక్రాంతి మూడు రోజులు తప్ప కలవరు. అంటే పెద్దయ్యాక స్నేహాలు తగ్గడానికి మనసు మారడం కంటే చోటు మారడం, రోజూ కలిసే పని లేకపోవడం పెద్ద కారణం అని ఒక వాదన కట్టొచ్చు. ఆన్‌లైన్ ప్రశ్నకి కూడా అంతే, కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే అమ్మ, ఊళ్లో ఉన్న స్నేహితురాలికి రాత్రి పని ముగించుకుని వాయిస్ మెసేజ్ పెడుతుంది, అవతలామె పొద్దున్న లేచి వింటుంది. పాత స్నేహాన్ని ఫోన్ నిలబెడుతోంది, కొత్తది పుట్టించడం వేరే సంగతి, అని ఈ రెండిటికీ తేడా చూపిస్తే జవాబు అక్కడే లోతుగా మారుతుంది.

వేరే కార్డు వస్తే

ప్రశ్నల సెట్లు ఏడాదిలో మారుతూ ఉంటాయి కాబట్టి స్నేహం కార్డే వస్తుందని గ్యారంటీ లేదు. ఆ పంటు సంగతి మాత్రం వృథా పోదు. ఎవరైనా చేసిన సాయం గురించి అడిగినా, ఆలస్యమైన రోజు గురించి అడిగినా, గుర్తుండిపోయిన ప్రయాణం అన్నా, ఊళ్లో నీళ్ల దగ్గరి చోటు గురించి అన్నా అదే సరిపోతుంది, ఎక్కడ మొదలుపెట్టాలన్నదే మారుతుంది. ఆ 1 నిమిషంలో కాగితం మీద వాక్యాలు రాసుకుంటే రెండు కూడా పూర్తి కావు, ఆ కాగితానికి మార్కులూ లేవు, చివర్లో తీసేసుకుంటారు కూడా. అందుకే రేవు, ఆఖరి పంటు, చించినాడ, నాయనమ్మ, మజ్జిగన్నం అని ఐదు మాటలు కిందకి రాసుకుని, ప్రయాణం అడిగితే చించినాడ ముక్క దగ్గర, సాయం అడిగితే బండి దగ్గర, చోటు అడిగితే రేవు దగ్గర మొదలుపెట్టాలి.